వెనక సీటు కూడా బండిలో భాగమే

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



వంటిల్లు సర్దుకుని, పిల్లలు బడినుంచి వచ్చేలోగా ఒక పావుగంట కాళ్ళు చాపుకుని కూర్చునే వేళ ఇది. ఇలాంటి వేళ నేను మోటారుసైకిళ్ళ గురించి మాట్లాడతానంటే, "ఇదేమిటమ్మా, ఊరగాయలూ ఊలు అల్లికలూ అయిపోయాయా?" అని మీలో కొందరికి నవ్వు రావచ్చు. నవ్వండి, ఫరవాలేదు. నవ్వాక ఒక్క సంగతి లెక్క వేసుకోండి. ఈ వారంలో మీరు ఎన్నిసార్లు బండెక్కారు? కూరగాయలకు ఒకసారి, గుడికి ఒకసారి, ఎవరిదో గృహప్రవేశానికి ఒకసారి, చిన్నదానికి జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి ఒకసారి. నడిపింది మీరు కాకపోవచ్చు. ఎక్కింది మాత్రం మీరే కదా! అందుకే ఈ కబురు మగవాళ్ళకంటే ముందు మనకే కావాలి.

మాది మదనపల్లె. వానలు వెలిసి, కార్తీకం దాటి, మార్గశిరం వచ్చిందంటే మా ఊరికి రెండు గుర్తులు. ఒకటి తెల్లవారుజామున ముసుగేసే మంచు. రెండోది, ఆదివారం పొద్దున్నే బెంగుళూరు నుంచి చింతామణి మీదుగా బారులు తీరి వచ్చే మోటారుసైకిళ్ళ చప్పుడు. అవి క్లబ్బుల వాళ్ళ బండ్లు. హార్స్‌లీ కొండకు పోతాయి. సుమారు 4,100 అడుగుల ఎత్తున్న ఆ కొండకు మన పెద్దవాళ్ళు పెట్టుకున్న పేరు ఏనుగు మల్లమ్మ కొండ. తరవాత ఒక దొరగారు, కడప కలెక్టరు, అక్కడ ఇల్లు కట్టుకుంటే ఆయన పేరే నిలిచిపోయింది. చలికాలం మొదలైతే ఈ క్లబ్బుల వాళ్ళకు పండగ. మనకు సంక్రాంతి ఎలాగో వాళ్ళకు ఈ రెండు మూడు నెలలూ అలాగ.

క్లబ్బుల వాళ్ళకే కాదు, మనకూ ఇది ప్రయాణాల కాలమే. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం – ఈ ఊళ్ళన్నీ ఒకే దారిలో దండలో పూలలాగా ఉన్నాయి. ఆ దారిలోనే పెళ్ళిళ్ళకు పోతాం, మొక్కులకు పోతాం, పుట్టింటికి పోతాం. బస్సు కోసం కాచుకోవడం ఎందుకని చాలామందిమి బండిమీదే పోతాం.

ఈ దారిలోనే మా పిన్నమ్మను పోగొట్టుకున్నాం.

చాలా ఏళ్ళ కిందటి మాట. పిన్నమ్మా వాళ్ళది పుంగనూరు. బోయకొండ గంగమ్మకు మొక్కు తీర్చుకుని, బాబాయితో బండిమీద తిరిగి వస్తోంది. అలవాటు ప్రకారం రెండు కాళ్ళూ ఒకే పక్కకు వేసుకుని కూర్చుంది. ఒక చేతిలో ప్రసాదం బుట్ట, రెండో చేతిలో గాలికి లేచిపోతున్న కొంగు. అంటే బండిని పట్టుకున్న చెయ్యి ఒక్కటీ లేదన్నమాట. ఒక పల్లె ముందర, తెల్ల గీతలు చెరిగిపోయిన స్పీడు బ్రేకరు. బాబాయి దగ్గరికి వచ్చేదాకా చూసుకోలేదు. బండి ఎగిరి దిగింది. పిన్నమ్మ వెనక్కి పడింది. ఎదురుగా లారీ లేదు, గుద్దుకున్నది లేదు, బండి వేగం కూడా అంతంత మాత్రమే.

అంతకంటే విచిత్రమేమిటంటే, ఆమె తనంతట తానే లేచింది. చీర దులుపుకుంది. చెదిరిన ప్రసాదం ఏరుకుంది. "నాకేం కాలేదు, పదండి" అంది. ఇంటికి వచ్చి కాఫీ కూడా కలిపింది. రాత్రి తలనొప్పి అంది, రెండుసార్లు వాంతి చేసుకుంది. "ఎండకు తిరిగింది, పడుకోనీ" అన్నారు ఇంట్లోవాళ్ళు. తెల్లవారి లేపితే లేవలేదు. ఆసుపత్రికి చేర్చాక మూడో రోజు పోయింది. పైకి ఒక్క చుక్క నెత్తురు కనపడకుండా, పుర్రె లోపల నరం చిట్లి నెత్తురు గడ్డ కట్టిందని అప్పుడు చెప్పారు. మొదటి గంటల్లోనే తెచ్చి ఉంటే బతికే అవకాశం ఉండేదట. ఆ మాట బాబాయిని ఆయన చివరి రోజుదాకా వదలలేదు.

ఇలాంటిది చూసినదాన్ని కనుక, మా పెద్దవాడు బెంగుళూరులో ఉద్యోగంలో కుదురుకున్నాక "అమ్మా, బుల్లెట్టు కొంటున్నాను, క్లబ్బులో చేరుతున్నాను" అన్నప్పుడు నా కాళ్ళకింద భూమి కదిలింది. "నా మీద ఒట్టు, కొన్నావంటే నేను నీతో మాట్లాడను" అన్నాను. వాడు మాట్లాడలేదు. మూడు నెలల తరవాత తెలిసింది, కొననే కొన్నాడని. ఒట్టు గాలికి పోయింది, నా మాట పోయింది. వాడు ఎప్పుడు ఏ దారిన పోతున్నాడో నాకు చెప్పడం కూడా మానేశాడు. అదీ నేను సాధించిన ఘనకార్యం! 'వద్దు' అన్న మాటతో నేను బండిని ఆపలేదు, కబురు మాత్రమే ఆపాను. తల్లులారా, మీలో ఎవరికైనా ఇలాంటి గొడవ జరుగుతూ ఉంటే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

పోయిన ఏడు ఇదే కాలంలో వాడే ఫోను చేశాడు. "అమ్మా, ఆదివారం మా క్లబ్బు హార్స్‌లీ కొండకు వస్తోంది. ఒక్కసారి వచ్చి చూడు. చూశాక తిట్టు" అన్నాడు. మావారూ నేనూ మా పాత స్కూటరు మీద అంగళ్ళు దాటి కొండెక్కాం. నా మనసులో ఏముందంటే, సినిమాలో చూపిస్తారే, జుట్లు విరబోసుకుని, సైలెన్సర్లు ఊడబీకి ఊరంతా అదరగొట్టేవాళ్ళు, అలాంటి మూక ఒకటి ఉంటుందని. అలా తిరిగేవాళ్ళు లేరని కాదు. ఉన్నారు. కాని నేను చూసింది వేరు.

కింద నుంచి ఇరవై బండ్లు వచ్చాయి. అన్నిటికంటే ముందు ఒకరు, దారి చూపే పెద్ద. అన్నిటికంటే వెనక ఒకరు, వెనకబడ్డవాళ్ళను చూసుకునే మనిషి. ఆ ఇద్దరూ క్లబ్బులో అందరికంటే అనుభవం ఉన్నవాళ్ళు. కొత్తగా చేరిన పిల్లను ముందున్న పెద్ద వెనకాలే పెట్టారు. పెళ్ళివారి బస్సులో ముసలివాళ్ళనూ పిల్లలనూ ముందు సీట్లలో కూర్చోబెట్టినట్టు! కొత్తవాళ్ళ వేగమే అందరి వేగం. ఒకరినొకరు దాటడం లేదు. తిన్నని రోడ్డులో ఒకరు ఎడమ వారగా పోతే వెనకవాడు కుడి వారగా, అతని వెనకవాడు మళ్ళీ ఎడమ వారగా. అందువల్ల ముందువాడు ఉన్నట్టుండి ఆగినా వెనకవాడికి చోటుంటుంది. మలుపు వచ్చేసరికి అందరూ ఒకే వరస. గుంత కనిపిస్తే ముందువాడు కాలితో చూపిస్తాడు, ఆ సైగ చివరిదాకా అందుతుంది. ప్రతి గంటకో గంటన్నరకో ఆగి, నీళ్ళు తాగి, తలలు లెక్క పెట్టుకుంటారట. బయలుదేరే ముందు రాత్రి మందు ముట్టుకున్నవాడికి ఆ పొద్దు బండి లేదు. కలిసిన చోటే, పెట్రోలు బంకు దగ్గర, టైర్లూ బ్రేకులూ దీపాలూ చూసుకున్నాకే కదలడం.

నేను మా అబ్బాయితో అన్నాను, "ఇదేమిటి నాయనా, మా అత్తగారి మడి కంటే ఎక్కువగా ఉందే!" అని. వాడు నవ్వాడు. "అమ్మా, వేగంగా పోవడానికి క్లబ్బు ఎందుకు? ఒక్కడే పోవచ్చు. జాగ్రత్తగా పోవడానికే పదిమంది కావాలి" అన్నాడు.

ఆ ఇరవైమందిలో నలుగురు ఆడపిల్లలు ఉన్నారు. నాకు ఆశ్చర్యమైంది కాని, ఆశ్చర్యపోవాల్సింది లేదు. ఆడవాళ్ళకంటూ 'బైకర్నీ' అనే సంఘం 2011లోనే పూనాలో మొదలై దేశమంతా పాకింది. మన హైదరాబాదు నుంచి జై భారతి అనే ఆమె మరి ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి 2018లో మోటారుసైకిళ్ళ మీద మయన్మారు, థాయ్‌లాండు, లావోసు, కంబోడియా, వియత్నాం చూసి వచ్చింది. మన దేశంతో కలిపి ఆరు దేశాలు, సుమారు 17 వేల కిలోమీటర్లు! తరవాత ఆమె మామూలు ఇళ్ళలోని ఆడవాళ్ళకు బండి నేర్పించే పని కూడా చేపట్టింది. సాహసం అంటే తెగింపు అనుకుంటాం. నిజానికి అన్ని వేల కిలోమీటర్లు పోయి క్షేమంగా తిరిగి రావాలంటే తెగింపు కంటే ముందుచూపే ఎక్కువ కావాలి.

సరే, ఇక తిరుగు ప్రయాణం. స్కూటరు దగ్గరికి వచ్చి, మావారు హెల్మెట్ పెట్టుకున్నారు. నేను కొంగు సర్దుకుని, ఒక పక్కకు కూర్చుని, ఒళ్ళో సంచీ పెట్టుకున్నాను. మా అబ్బాయి నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. "అమ్మా, నా గురించి మూడు నెలలు మాట్లాడకుండా కూర్చున్నావు. నా తలకు హెల్మెట్, చేతులకు గ్లౌజులు, కాళ్ళకు బూట్లు, ఒంటిమీద మెత్తలు కుట్టిన కోటు. నీ తలకు ఏముంది? మల్లెపూలు! ఆ రోజు చిన్నవ్వ ఎలా కూర్చుందని చెప్పావో, నువ్వూ సరిగ్గా అలాగే కూర్చున్నావు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. పిన్నమ్మ గురించి ఇన్నేళ్ళు ఏడ్చాను. ఆమెనుంచి నేర్చుకున్నది ఏమీ లేదు!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వెనక కూర్చున్న మనిషి సామాను కాదు. ముందు మనిషి ఎంత బాధ్యతగా ఉండాలో వెనక మనిషీ అంతే బాధ్యతగా ఉండాలి. ప్రభుత్వం వారి లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో హెల్మెట్ లేక రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. అంటే ప్రతి ఏడుగురిలో ఇద్దరు. వాళ్ళలో ఎంతమంది తల్లులో, ఎంతమంది కొత్త కోడళ్ళో!

"మేం ఊళ్ళోనే కదా తిరిగేది, మెల్లగానే కదా పోయేది" అంటారు. బండిమీద కూర్చున్న మనిషి తల నేలకు దగ్గర దగ్గర అయిదడుగుల ఎత్తులో ఉంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు పడినా సరే, ఆ ఎత్తునుంచి తల నేలను తాకేసరికి గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ వేగంతో గోడకు తల కొట్టుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పుర్రె ఆగిపోతుంది, లోపలి మెదడు ఆగదు. అదే పోయి పుర్రెకు తగులుతుంది. హెల్మెట్ చేసే పని చాలా చిన్నది. పైపెంకు దెబ్బను పరుస్తుంది. లోపల థర్మోకోలు లాంటి పొర ఉంటుంది చూడండి, అది నలిగి ఆ దెబ్బను తను తీసుకుంటుంది. పింగాణీ జాడీ బండమీద పడడానికీ గడ్డిబుట్టలో పడడానికీ ఉన్నంత తేడా. అనేక దేశాల పరిశోధనలు కలిపి చూసినవారు, హెల్మెట్ వల్ల తలకు గాయమయ్యే ప్రమాదం నూటికి 69 పాళ్ళు, ప్రాణం పోయే ప్రమాదం నూటికి 42 పాళ్ళు తగ్గుతుందని తేల్చారు.

హెల్మెట్ కొనేటప్పుడు గాజులు కొన్నట్టు కొనండి, చేతికి తొడిగి చూస్తాం కదా, అలాగే తలకు పెట్టి చూడండి. ఐఎస్ఐ ముద్ర ఉండాలి. పెట్టుకుని తల అటూ ఇటూ విదిలిస్తే కదలకూడదు. గడ్డం కింద పట్టీ బిగిస్తే రెండు వేళ్ళు పట్టేంత సందు చాలు. పట్టీ పెట్టుకోని హెల్మెట్ మూత బిగించని కుక్కరు లాంటిది, ఉన్నా లేనట్టే. జుట్టు ముడి మెడకు దిగువగా వేసుకుంటే, లేదా జడ వేసుకుంటే హెల్మెట్ సరిగ్గా దిగుతుంది. పూలంటారా? సంచీలో పెట్టుకుని, దిగాక తురుముకోండి. అవి వాడవు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా మార్చేయాలి, లోపలి పొర నలిగిపోయి ఉంటుంది. చట్టం కూడా ముందువాళ్ళకూ వెనకవాళ్ళకూ ఒకటే. లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. కాని జరిమానాకు భయపడి పెట్టుకునేది దారిలో పోలీసు కనిపించినప్పుడే తలకెక్కుతుంది. పిల్లల ముఖం తలుచుకుని పెట్టుకోండి.

ఇక కూర్చోవడం. వీలైతే చుడీదారు వేసుకుని, రెండు పక్కలా కాళ్ళు వేసి కూర్చోవడమే మేలు. బండి బరువు సమంగా ఉంటుంది, ఎగిరినా జారిపోము. చీర తప్పదనుకుంటే కొంగు ముందుకు తిప్పి నడుములో గట్టిగా దోపండి. వెనక చక్రానికి శారీ గార్డు తప్పక ఉండాలి. అది అలంకారం కాదు, వెనక చక్రం సగమైనా కప్పి ఉండాలని మోటారు నిబంధనల్లోనే ఉంది. కుర్రవాళ్ళు బండి అందం చెడుతుందని మొదట విప్పేది దాన్నే! మీ బండికి ఉందో లేదో ఈ సాయంత్రమే చూడండి. చున్నీ సంగతి మరీ ముఖ్యం. మెడకు చుట్టుకున్న చున్నీ చక్రంలో పడితే ఒక్క క్షణంలో గొంతుకు ఉరి అవుతుంది. చున్నీని కోణంగా వేసుకుని నడుము దగ్గర ముడి వేయండి, లేకపోతే మడిచి సంచీలో పెట్టండి. ఒక చెయ్యి ఎప్పుడూ వెనక కడ్డీమీదో, నడిపే మనిషి నడుముమీదో ఉండాలి. పదిమంది చూస్తారని సిగ్గుపడి చేతులు ఒళ్ళో పెట్టుకుంటే, పడినప్పుడూ ఆ పదిమందే చూస్తారు.

పసిపిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, మధ్యలో ఒకర్ని ఇరికించి, ముందు ఒకర్ని నిలబెట్టి పోయే సంసారాన్ని మనం రోజూ చూస్తాం. బండి ఇద్దరికే. 9 నెలలు నిండినవాళ్ళ నుంచి 4 ఏళ్ళ లోపు పిల్లల్ని ఎక్కిస్తే, పెద్దవాళ్ళ ఒంటికి కట్టే పట్టీ, పిల్లకు సరిపోయే హెల్మెట్ ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదనీ 2022లో నిబంధన తెచ్చారు. 4 ఏళ్ళు దాటినవాళ్ళకు హెల్మెట్ తప్పనిసరి. పుట్టినరోజుకు పట్టుపావడాతో పాటు ఒక చిన్న హెల్మెట్ కొనివ్వండి. వాళ్ళకు బొమ్మంత సరదా.

కాలం మారింది కాబట్టి బండి పరీక్ష ఒకటి. వానల్లో తడిసిన బండికి చైను తుప్పు పట్టి ఉంటుంది, బ్రేకుల్లో బురద చేరి ఉంటుంది. మనం కుక్కరు గ్యాస్కెటు చూసుకోమూ? గ్యాసు ట్యూబు పగిలిందేమో చూసుకోమూ? ఇదీ అంతే. టైరు గాడులు అరిగి నున్నబడ్డాయా, పక్కన పగుళ్ళు వచ్చాయా, గాలి సరిపడా ఉందా చూడాలి. ఇద్దరు ఎక్కినప్పుడు వెనక టైరుకు గాలి కొంచెం ఎక్కువ కావాలి, ఎంతో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. బ్రేకు నొక్కితే వెనక ఎర్రదీపం వెలుగుతోందా? ఇది నడిపేవాడికి కనపడదు, వెనక నిలబడి మనమే చూసి చెప్పాలి. ఆదివారం పొద్దున అయిదు నిమిషాల పని. మీరు అడగడం మొదలుపెడితే ఇంట్లోవాళ్ళకు అదే అలవాటవుతుంది.

మన దారుల సంగతి మనకే తెలియాలి. ఈ కాలంలో పల్లెల్లో ఉలవ, రాగి నూర్చడానికి పంటను రోడ్డుమీదే పరుస్తారు. కారుకు అది పరుపు, మోటారుసైకిలుకు జారుడుబండ. దానిమీద బ్రేకు వేయకూడదు, హాండిలు తిప్పకూడదు. దూరంనుంచే వేగం తగ్గించి నింపాదిగా దాటాలి. మదనపల్లె టమోటా మార్కెట్టు దారుల్లో నలిగిన పండ్లు పడి ఉంటే అదీ అంతే. మంచు పట్టినప్పుడు దీపం కిందికి వేసుకోవాలి, పైకి వేస్తే మంచే తెల్లగోడై కమ్ముతుంది. 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు 16 మీటర్లకు పైగా పోతుంది. మనకు దారి ఎంత దూరం కనిపిస్తోందో, ఆ లోపల ఆగగలిగేంత వేగమే మన వేగం. కనపడకపోతే ఎక్కడైనా టీ తాగి, పొద్దెక్కాక బయలుదేరండి.

పలమనేరు దాటి కుప్పం వైపు పోతే కౌండిన్య అడవి. అక్కడ ఏనుగులు ఉన్నాయి, పొద్దుగూకాక, తెల్లవారుజామున రోడ్డు దాటుతాయి. చీకట్లో ఆ దారి పెట్టుకోకండి. ఏనుగు కనపడితే దూరంగానే ఆగాలి. హారను కొట్టకూడదు, దీపాలు మిటకరించకూడదు, ఫోటోకు దగ్గరికి పోకూడదు. మెల్లగా బండి తిప్పుకుని వెనక్కి రావాలి. అడవిలో అది ఇంటి యజమాని, మనం చుట్టాలం.

ఎంత జాగ్రత్తపడినా ఎక్కడో ఒకరు పడతారు. పడిన మనిషిని కూలేసి లేపి, నీళ్ళు తాగించి, హెల్మెట్ లాగి పారేయడం మన అలవాటు. అలా చేయకండి. మెడకు దెబ్బ తగిలి ఉండవచ్చు. ఊపిరి ఆడుతుంటే కదపకుండా ఉంచి, 108కి ఫోను చేయండి. "పోలీసు కేసులో ఇరుక్కుంటాం" అని భయపడనక్కర్లేదు. ప్రమాదంలో సాయం చేసినవారిని వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో చట్టంలోనూ చేర్చారు. తల తగిలిన మనిషి లేచి నడిచినా సరే, ఒకటి రెండు రోజులు కనిపెట్టి ఉండండి. తలనొప్పి పెరగడం, వాంతులు, మత్తుగా పడుకోవడం, మాట తడబడడం, ఇందులో ఏ ఒక్కటి కనపడినా 'పడుకోనీ' అనకండి. ఆ మాట మా ఇంట్లో అన్నాం. ఆసుపత్రికి తీసుకుపోండి, అర్ధరాత్రి అయినా సరే.

ఇంకొక్క మాట, బండి తాళం గురించి. కొత్తిమీర అయిపోయిందని, పదో తరగతి కుర్రవాడి చేతికి తాళం ఇచ్చేది మనమే. గేర్ల బండికి 18 ఏళ్ళు నిండాలి. గేర్లు లేని 50 సీసీ లోపు బండికైతే 16. లైసెన్సుకు వయసు రాని పిల్లవాడు ప్రమాదం చేస్తే, 2019 చట్టం ప్రకారం శిక్ష తల్లిదండ్రులకూ బండి యజమానికీ. 25 వేల జరిమానా, మూడేళ్ళదాకా జైలు. కొత్తిమీర లేకుండా ఒక పూట రసం పెట్టుకోవచ్చు.

నాకు మా వీధిలో ఆడవాళ్ళను చూస్తే ముచ్చటేస్తుంది. 1980లో హోసూరు ఫ్యాక్టరీనుంచి టీవీఎస్ 50 బండి వచ్చినప్పుడు, దానిమీద పాలక్యానుతో పోయే రైతునే వింతగా చూశాం. ఇప్పుడు స్కూటర్లమీద టీచరమ్మలు, నర్సులు, బ్యాంకు అమ్మాయిలు. నడపడం నేర్చుకున్న ఆడమనిషి వెనక కూర్చున్నా తెలివిగా కూర్చుంటుంది. మలుపులో ఎటు వాలాలో, ఎప్పుడు కదలకుండా ఉండాలో ఆమెకు తెలుస్తుంది. వీలుంటే మీరూ నేర్చుకోండి, మైదానంలో, తెలిసినవారి దగ్గర, లైసెన్సు తీసుకుని.

మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ మరుసటి వారమే మావారు నాకొక హెల్మెట్ కొన్నారు. మెరూన్ రంగు. మొదటిరోజు గుడి దగ్గర దించేసరికి, "ఏమ్మా, యుద్ధానికా?" అని ఒకావిడ నవ్వింది. నెల తిరక్కుండా ఆవిడే వచ్చి, "అక్కా, ఏ అంగట్లో కొన్నావు?" అని అడిగింది. మా అబ్బాయి ఇప్పుడు ప్రతి ఆదివారం బయలుదేరేముందు ఏ దారిన పోతున్నాడో చెబుతాడు. చేరాక ఫోను చేస్తాడు. నేనూ ఒట్లు పెట్టడం మానేశాను. "గాలి చూసుకున్నావా నాయనా? రాత్రి నిద్రపోయావా? చివరి బండి ఎవరిది?" అని అడుగుతాను. భయం పోయిందా అంటే పోలేదు, తల్లి భయం ఎక్కడికి పోతుంది? కాని ఆ భయాన్ని ఇప్పుడు ఒక పనికి పెట్టాను.

ఈ సాయంత్రం మీరు బండెక్కేముందు ఒక్క క్షణం ఆగండి. తలకు హెల్మెట్ ఉందా, కొంగు దోపారా, చెయ్యి కడ్డీమీద ఉందా చూసుకోండి. ఆ మూడూ ఉంటేనే "ఇక పోనివ్వండి" అనండి. ఆ మాట చెప్పాల్సింది వెనక సీటే.